"లో మెమరీ" అన్న ల్యాప్‌టాప్‌లో అసలు ఏ మెమరీ నిండింది? ఒక పెళ్ళి వీడియో మిక్సింగ్ కేసు

విజయవాడ, గుంటూరు, తెనాలి చుట్టుపక్కల పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే యూనిట్లకు ఎడిటింగ్ సిస్టమ్‌లు సెట్ చేయడం, మొరాయిస్తే చూసిపెట్టడం నా పని. వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకటే మాట: "లో మెమరీ అని వస్తోంది, ర్యామ్ వేయించేస్తే పోతుందా?" ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఉంది. ఒకే ల్యాప్‌టాప్‌లో నాలుగు వేర్వేరు లోపాలు కలిసి "మెమరీ ప్రాబ్లం" అన్న ఒక్క పేరుతో బయటపడ్డాయి. ర్యామ్ ఒక్కటే కొని ఊరుకుంటే డబ్బు ఖర్చయ్యేది, బాధ తీరేది కాదు.

మెషీన్ తెనాలిలోని ఒక చిన్న యూనిట్‌ది. ఓనరే ఎడిటర్, కుర్రాడు. ఇంటెల్ 11వ తరం ఐ7 హెచ్ సిరీస్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ సొంత మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. ఫుటేజ్ అంతా 2 టీబీ యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో. సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో. చేతిలో ఉన్న పని ఒక పెళ్ళి: ట్రెడిషనల్‌కు (తంతు మొత్తం వరసగా తీయడానికి) రెండు కెమెరాలు, కేండిడ్‌కు (సహజమైన క్షణాలు పట్టుకోవడానికి) ఒకటి, పైన డ్రోన్. పెళ్ళికూతుర్ని చేయడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా మొత్తం ఒకే సీక్వెన్స్‌లో, దాదాపు నాలుగు గంటల టైమ్‌లైన్. మధ్యలో ఆల్బమ్ ఫోటోలతో ఒక మాంటేజ్, చుట్టాలు ఫోన్లలో తీసి పంపిన క్లిప్పులు కొన్ని.

అతను చెప్పిన లక్షణాలు ఇవి. ప్లే చేస్తే బొమ్మ ఆగి ఆగి వస్తోంది. గంటా గంటన్నర పని చేశాక లో మెమరీ అని హెచ్చరిక, ఆ వెనకే క్రాష్. ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన వీడియోను ఫైల్‌గా బయటికి తీయడం) 60 శాతం దాటాక ఎర్రర్ కొట్టి ఆగిపోతోంది. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా మొదట బాగున్న స్పీడు కాసేపటికి చచ్చిపోతోంది. పార్టీకి పెన్‌డ్రైవ్ ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది, మనిషి మంచి టెన్షన్‌లో ఉన్నాడు. అప్పటికే ఎవరో సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశారు. తేడా ఏమీ రాలేదు.

"అన్నా, ఇంకో పదహారు జీబీ వేయించేస్తా. ఎంతవుద్దో చెప్పు."

"వేయిద్దాం తమ్ముడూ, అవసరమైతే. ముందు ఇది చెప్పు, ఎక్స్‌పోర్ట్ ఆగిన ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా, ఒక్కోసారి ఒక్కో చోటా?"

ఎవరు ఫోన్ చేసినా నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ప్రతిసారీ ఒకే చోట ఆగితే లోపం ఆ చోట ఉన్న సరుకులోనే ఉంటుంది: ఒక క్లిప్, ఒక ఎఫెక్ట్, ఒక ఫోటో. ఎక్కడ పడితే అక్కడ ఆగితే వేడి, కరెంటు, డిస్క్, మెమరీ లాంటి మెషీన్ సంగతులు చూడాలి. అతను అంత గమనించలేదు గానీ ఎర్రర్ బాక్సులను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకున్నాడు, అది చాలా మేలు చేసింది. ఆ బాక్స్‌లో "అరౌండ్ టైమ్‌కోడ్" అని ఒక లైన్ ఉంటుంది. అన్ని ఫోటోల్లోనూ అది ఒకే నిమిషంలో ఉంది, సరిగ్గా ఫోటో మాంటేజ్ మధ్యలో. ఎడిట్ చేసేటప్పుడు వచ్చే క్రాష్‌లకు మాత్రం చోటంటూ లేదు. అంటే కనీసం రెండు జబ్బులున్నాయని అక్కడే తేలిపోయింది.

సీ డ్రైవ్ నిండితే మెమరీ ఎందుకు అయిపోతుంది

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ పేజీ తెరిచి పక్కన పెట్టుకుని, అతన్ని మామూలుగా ఎడిట్ చేసుకోమన్నాను. క్రాష్‌కు కాస్త ముందు స్క్రీన్ మీద "ఇన్ యూజ్" 13.9 జీబీ ఉంది. ఉన్నది 16 కాబట్టి ఇంకా ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది, అందరూ చూసేది కూడా ఆ అంకెనే. దాని కింద "కమిటెడ్" అని ఉన్న చోట 23.5/23.9 జీబీ అని ఉంది. కథ అంతా అక్కడ ఉంది.

రెండో అంకె ఆ మెషీన్‌లో ప్రోగ్రాములన్నిటికీ కలిపి విండోస్ మాట ఇవ్వగల మెమరీ. ర్యామ్, దానికి తోడు డిస్క్ మీద ఉండే పేజ్ ఫైల్, రెండూ కలిపిన మొత్తం. మొదటి అంకె ఇప్పటికే ఇచ్చేసిన మాట. ఈ రెండూ కలుసుకున్నాయంటే ర్యామ్‌లో కాస్త ఖాళీ ఉన్నా సరే, కొత్తగా అడిగిన ప్రోగ్రాముకు విండోస్ లేదనే చెబుతుంది. మామూలుగా ఆ పరిస్థితి రాకుండా పేజ్ ఫైల్ దానంతటదే పెరుగుతుంది. పెరగాలంటే డిస్క్‌లో చోటుండాలి కదా! ఇక్కడ సీ డ్రైవ్‌లో మిగిలింది 1.8 జీబీ.

డ్రైవ్‌ను తినేసిందెవరో వెతికితే ఎక్కువ వాటా ప్రీమియర్ మీడియా క్యాష్‌ది, అంటే క్లిప్పులు వేగంగా తెరుచుకోవడానికి అది తయారుచేసి దాచుకునే ఫైళ్ళది. 132 జీబీ. ఎప్పుడో డెలివరీ చేసేసిన పెళ్ళిళ్ళ క్యాష్ కూడా అందులోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌ను తీసి మళ్ళీ వేసినా ఈ ఫోల్డర్ కదల్లేదు, అందుకే ఆ రీఇన్‌స్టాల్‌తో ఒరిగిందేమీ లేదు. ఇంత ఎందుకవుతుందంటే, కంప్రెస్ చేసిన ఆడియో ఉన్న క్లిప్‌ను ఇంపోర్ట్ చేస్తే ప్రీమియర్ దాని శబ్దాన్ని విప్పి సీఎఫ్‌ఏ ఫైల్‌గా రాసుకుంటుంది. 48 కిలోహెర్ట్జ్, 32 బిట్, స్టీరియో లెక్కన సెకనుకు 384 కిలోబైట్లు, గంటకు దాదాపు 1.4 జీబీ. ఒక్కో ఫంక్షన్‌కు గంటల కొద్దీ ఫుటేజ్ ఉండే పెళ్ళి పనిలో ఇది సీజన్ తిరిగేసరికి కొండంత అవుతుంది. దీనికి తోడు ప్రాజెక్ట్ ఫైల్ పక్కనే పేరుకుపోయే రెండర్ ప్రివ్యూలు (సాఫీగా ప్లే అవడానికి ముందే తయారుచేసి పెట్టుకునే వీడియో ముక్కలు). ఇతని ప్రాజెక్టులన్నీ డాక్యుమెంట్స్‌లోనే ఉన్నాయి, అంటే ఆ ప్రివ్యూలు కూడా సీ డ్రైవ్ మీదే పడ్డాయి.

క్యాష్ డిలీట్ చేయమంటే చాలామంది భయపడతారు, పెళ్ళి ఫుటేజ్ పోతుందేమోనని. పోదు. ఒరిజినల్ క్లిప్పుల జోలికి అది వెళ్ళదు. ప్రాజెక్ట్ మళ్ళీ తెరిచినప్పుడు కావలసిన క్యాష్ మళ్ళీ తయారవుతుంది, ఆ మొదటిసారి కాస్త ఓపిక పట్టాలి, అంతే. ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్ పేజీకి వెళ్ళి పాతదంతా తీసేశాం. డెలివరీ అయిపోయిన పెళ్ళిళ్ళ ప్రివ్యూ ఫోల్డర్లు కూడా. ర్యామ్ కోసం అనుకున్న డబ్బులో ముందుగా 1 టీబీ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనిపించి, క్యాష్ చోటును దాని మీదికి మార్చి, పాతబడిన ఫైళ్ళు వాటంతటవే పోయేలా ఆటో డిలీట్ ఆన్ చేశాను.

పేజ్ ఫైల్‌ను విండోస్ ఇష్టానికే వదిలేశాను. ఎస్‌ఎస్‌డీ ఆయుష్షు తగ్గిపోతుందని దాన్ని ఆపేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. 16 జీబీ ఎడిటింగ్ మెషీన్‌లో దయచేసి ఆ పని చేయొద్దు. ఇంకొకటి, ప్రీమియర్ మెమరీ ప్రిఫరెన్సెస్‌లో "ఇతర ప్రోగ్రాములకు వదిలే ర్యామ్" అంకెను ఎవరో అట్టడుగుకు దించి ఉంచారు, ప్రీమియర్‌కు ఎక్కువ దక్కాలని. విండోస్‌కు, గ్రాఫిక్స్ డ్రైవర్‌కు, పక్కన తెరిచి ఉన్న క్రోమ్‌కు ఊపిరి ఆడకపోతే ప్రీమియర్ కూడా నడవదు. దాన్ని 4 జీబీకి పెంచాను.

ఇంతవరకు చేసేసరికి ఎడిటింగ్ మధ్యలో క్రాష్‌లు ఆగిపోయాయి. ర్యామ్ ముట్టుకోలేదు ఇంకా.

ఫోటోలు మింగిన గ్రాఫిక్స్ మెమరీ

మాంటేజ్ దగ్గర ఎక్స్‌పోర్ట్ మాత్రం అలాగే ఆగుతోంది. ఈ మాంటేజ్ ఒక్కదానికే ఇన్, అవుట్ పెట్టి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్‌ను సీయూడీఏ (గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించేది) నుంచి "సాఫ్ట్‌వేర్ ఓన్లీ"కి (ప్రాసెసర్‌తోనే చేయించేది) మార్చి ఎక్స్‌పోర్ట్ చేశాం. చాలా నెమ్మదిగా నడిచింది గానీ పూర్తయింది. సాఫ్ట్‌వేర్‌లో పూర్తయి, గ్రాఫిక్స్ కార్డు మీద ఆగిపోతే అనుమానించాల్సింది గ్రాఫిక్స్ వైపే.

మళ్ళీ సీయూడీఏకు మార్చి, ఈసారి టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు పేజీ తెరిచి చూస్తూ కూర్చున్నాం. మాంటేజ్ మొదలవగానే "డెడికేటెడ్ జీపీయూ మెమరీ" గీత 3.8 జీబీకి ఎక్కి అక్కడే అతుక్కుపోయింది. దాని కింద "షేర్డ్ జీపీయూ మెమరీ" గీత లేవడం మొదలైంది. షేర్డ్ అంటే మన ర్యామ్‌లోంచి అప్పు తీసుకోవడమే. కాసేపటికి ఎర్రర్.

లెక్క వేసి చూపిస్తే అతనికి వెంటనే అర్థమైంది. 4కే ఫ్రేమ్ ఒకటి 3840 × 2160 పిక్సెళ్ళు. ఒక్కో పిక్సెల్‌కు నాలుగు ఛానెళ్ళు, గ్రాఫిక్స్ కార్డు మీద 32 బిట్ ఫ్లోట్‌లో ప్రాసెస్ అయితే ఒక్కో ఛానెల్‌కు 4 బైట్లు. మొత్తం 133 ఎంబీ దాకా అవుతుంది, ఒక్క ఫ్రేముకు. ఇప్పుడు ఆల్బమ్ ఫోటో చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరాది, 6000 × 4000. అదే లెక్కన 384 ఎంబీ. హార్డ్‌డిస్క్‌లో ఆ జేపెగ్ సైజు పది పన్నెండు ఎంబీయే ఉంటుంది కాబట్టి ఇది ఎవరి కంటికీ ఆనదు. ఇతని మాంటేజ్‌లో ఒకేసారి స్క్రీన్ మీద ఆరు ఫోటోలు తేలుతున్నాయి, ఒక్కోదానికి నీడ, బ్లర్, రంగులు సరిచేసే లుమెట్రీ కలర్. ఆరు ఫోటోలు విప్పితేనే 2.3 జీబీ. ప్రతి ఎఫెక్ట్‌కు మధ్యలో మరో కాపీ కావాలి. 4 జీబీ కార్డు తట్టుకోలేదు. పైగా ఎక్స్‌పోర్ట్‌లో "మాక్సిమం రెండర్ క్వాలిటీ" టిక్ పెట్టి ఉంది, అది ఇంకా ఎక్కువ అడుగుతుంది.

ఫోటోలన్నిటినీ ఫోటోషాప్ ఇమేజ్ ప్రాసెసర్‌తో ఒకేసారి పొడవు వైపు 3840 పిక్సెళ్ళకు తగ్గించి వేరే ఫోల్డర్‌లో పెట్టించాను. జూమ్ చేసే నాలుగైదు ఫోటోలకు మాత్రం ఒరిజినల్ ఉంచాం. 3840 × 2560 ఫోటో అదే లెక్కన 157 ఎంబీ, సగం కంటే తక్కువ. ప్రీమియర్‌లో "రిప్లేస్ ఫుటేజ్" చేసి, స్కేల్ అంకెలు సరిచూసుకున్నాడు. మాక్సిమం రెండర్ క్వాలిటీ తీసేశాం. 4కే టైమ్‌లైన్ 4కేగానే బయటికి వస్తున్నప్పుడు దాని వల్ల కంటికి ఆనే లాభం చాలా తక్కువ. ఎక్స్‌పోర్ట్ మాంటేజ్‌ను దాటుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ మెమరీని తర్వాత పెంచుకునే వీలు ఉండదు, ర్యామ్‌లాగా స్టిక్ దొరకదు. కొనేటప్పుడు చూసుకోవాల్సిన మొదటి అంకె అదే. 4కే పెళ్ళి పనికి 8 జీబీ కార్డు లేనిదే కొత్త ల్యాప్‌టాప్ కొనమని నేనెవరికీ చెప్పను.

డ్రోన్ క్లిప్ నడిచింది, కెమెరా క్లిప్ నడవలేదు

ప్లేబ్యాక్ సంగతికి వద్దాం. నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఒకటి ఉంది. డ్రోన్ క్లిప్‌ను టైమ్‌లైన్ మీద ఒంటరిగా పెట్టి ప్లే చేశాం. అది హెచ్.265, 10 బిట్, 4:2:0. (హెచ్.265, హెచ్.264 అనేవి వీడియోను కుదించే పద్ధతులు. 4:2:0, 4:2:2 అనేవి రంగు వివరం ఎంత ఉంచారో చెప్పేవి, 4:2:2లో ఎక్కువ.) గ్రాఫిక్స్ పేజీలో "వీడియో డీకోడ్" గీత లేచింది, బొమ్మ హాయిగా నడిచింది. తర్వాత ట్రెడిషనల్ కెమెరా క్లిప్. అది హెచ్.264, 10 బిట్, 4:2:2, సెకనుకు 140 మెగాబిట్లు. ప్లే కొట్టగానే ప్రాసెసర్ 100 శాతానికి పోయింది. డీకోడ్ గీత మాత్రం సున్నా దగ్గర పడుకుని ఉంది. ప్లే విండోలో డ్రాప్డ్ ఫ్రేమ్ చుక్క ఆకుపచ్చ నుంచి పసుపుకు మారింది.

హెచ్.265 బరువు, హెచ్.264 తేలిక అని మన ఫీల్డ్‌లో బాగా నాటుకుపోయిన మాట. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా తిరగబడి ఉంది. కారణం, ప్రాసెసర్‌లోనూ గ్రాఫిక్స్ కార్డులోనూ వీడియో విప్పడానికి ప్రత్యేకంగా ఉండే భాగం కొన్ని రకాల ఫైళ్ళనే తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ కార్డులు 4:2:2ను విప్పలేవు, ఎన్‌విడియాలో అది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ 11వ తరంలోని క్విక్ సింక్ (ప్రాసెసర్‌లో వీడియో విప్పే ఆ భాగం పేరు) హెచ్.265లో 4:2:2 10 బిట్‌ను విప్పుతుంది గానీ, హెచ్.264లో అదే 4:2:2 10 బిట్ వస్తే చేతులెత్తేస్తుంది. అప్పుడు మొత్తం భారం ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది. దానికి తోడు ఇవి లాంగ్ గాప్ ఫైళ్ళు. మధ్యలో ఒక ఫ్రేమ్ చూపించాలంటే వెనక ఉన్న పూర్తి ఫ్రేము దాకా వెళ్ళి అక్కడ్నుంచి వరసగా విప్పుకుంటూ రావాలి. మల్టీకెమెరాలో మూడు కోణాలు ఒకేసారి అంటే ఆ పని మూడింతలు. ఇదంతా ఒక యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ మీద మూడు ఫైళ్ళ మధ్య ముల్లు అటూ ఇటూ గెంతుతూ చదవాలి.

దీనికి మందు ప్రాక్సీలే, అంటే ఎడిట్ చేసేటప్పుడు ఒరిజినల్ క్లిప్పుల బదులు వాడే తేలికైన కాపీలు. ర్యామ్ ఎంత పోసినా తీరదు. 4:2:2 క్లిప్పులకు మాత్రమే 1080పీ ప్రోరెస్ ప్రాక్సీలు పెట్టించాను. 25 ఫ్రేములకు అది సెకనుకు 38 మెగాబిట్లు, గంటకు దాదాపు 17 జీబీ. పదకొండు గంటల ఫుటేజ్‌కు 187 జీబీ, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద సరిపోయింది. ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ దేనికది పూర్తిగా ఉంటుంది కాబట్టి ప్లేహెడ్‌ను ఎక్కడ పెట్టినా వెంటనే బొమ్మ వస్తుంది. మీడియా ఎన్‌కోడర్‌లో రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తయారు. కలర్ చేసేటప్పుడు మాత్రం ప్రాక్సీ బటన్ ఆఫ్ చేసి ఒరిజినల్ మీదే చూసుకోవాలి. ఎక్స్‌పోర్ట్ ఒరిజినల్స్ నుంచే వెళుతుంది, "యూజ్ ప్రాక్సీస్" టిక్ పెడితే తప్ప.

షూటింగ్ వైపు కూడా ఒక మాట చెప్పాను. మండపం ముందు స్టాండ్ మీద గంటల తరబడి నడిచే ట్రెడిషనల్ కెమెరాకు లాగ్ (తర్వాత కలర్ చేయడానికి వీలుగా చప్పటి రంగులతో తీసే మోడ్) వాడరు, కలర్ కూడా పెద్దగా మార్చరు. దానికి 4:2:2 10 బిట్ ఎందుకు? 8 బిట్ 4:2:0 పెట్టుకుంటే ఏ ల్యాప్‌టాప్ అయినా హార్డ్‌వేర్‌తోనే విప్పేస్తుంది, ఆ కెమెరాకు ప్రాక్సీల పనే ఉండదు. కేండిడ్ కెమెరాకు 10 బిట్ ఉంచుకోమన్నాను, అక్కడ దాని విలువ కనిపిస్తుంది.

ఫోన్ క్లిప్పులు వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌వి, అంటే సెకనుకు ఫ్రేముల సంఖ్య మారుతూ ఉంటుంది. వాటిని హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ 25కు మార్చి పెట్టుకోవడం మేలు, లేకపోతే మాట ఒకచోట, పెదవి ఒకచోట పడతాయి.

చల్లగా ఉండి కూడా నెమ్మదించిన ప్రాసెసర్

కాసేపటికి స్పీడ్ పడిపోవడం మిగిలింది. ఎండాకాలం, మా ప్రాంతం, ల్యాప్‌టాప్ అంటే ఎవరైనా ముందు వేడి అనే అంటారు. నేనూ హెచ్‌డబ్ల్యూఇన్ఫో (ప్రాసెసర్ వేడి, వాట్లు, స్పీడ్ చూపే ప్రోగ్రామ్) తెరిచింది అది చూడ్డానికే. ఎక్స్‌పోర్ట్ మొదట్లో ప్రాసెసర్ 45 వాట్లు తీసుకుంటూ 4 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచింది. పావుగంట తర్వాత 22 వాట్లు, 1.7 గిగాహెర్ట్జ్. ఉష్ణోగ్రత ఎంతో తెలుసా? 74 డిగ్రీలు. వేడి వల్ల స్పీడ్ తగ్గించుకునే ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇది చల్లగానే ఉంది, అయినా పరిగెత్తట్లేదు. కరెంటు అందట్లేదు.

బ్యాటరీ గుర్తు వైపు చూశాను. చార్జర్ పెట్టే ఉంది, కానీ బ్యాటరీ 71 శాతం. ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టినప్పుడు 100. ప్లగ్‌లో ఉండగా బ్యాటరీ దిగుతోందంటే అడాప్టర్ ఇచ్చేది చాలక మెషీన్ బ్యాటరీలోంచి లాక్కుంటోందని అర్థం. అడాప్టర్ తిప్పి చూస్తే 120 వాట్లు. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉన్నది 180.

"ఇది దీంతో వచ్చిన చార్జరేనా?"

"కాదన్నా. అది ఒక రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ వాల్ దగ్గర పోయింది. పిన్ సరిపోయిందని ఇది తీసుకున్నా."

పిన్ సరిపోతే సరిపోదు, వాట్లు కూడా సరిపోవాలి. 180 వాట్ల అడాప్టర్ తెప్పించాక ఎక్స్‌పోర్ట్ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా ఒకే వేగంతో నడిచింది. పనిలో పనిగా ఫ్యాన్ల దుమ్ము దులిపించాను. అది ఎలాగూ ఏటా ఆషాఢంలోనో, మూఢంలోనో ముహూర్తాలు లేనప్పుడు చేయించాల్సిన పని.

ర్యామ్ సంగతి

చివరికి ర్యామ్ కూడా వేయించాం. టాస్క్ మేనేజర్‌లో "స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2" అని ఉంది, అంటే 16 జీబీ ఒకే స్టిక్‌గా ఉంది. డీడీఆర్4 3200లో ఒక ఛానెల్ సెకనుకు 25.6 జీబీ మోస్తుంది. రెండో స్లాట్‌లో అదే సైజు, అదే స్పీడ్ స్టిక్ పెడితే 51.2 జీబీ. ర్యామ్‌నే తన గ్రాఫిక్స్ మెమరీగా వాడుకునే, ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్ చిప్‌కు కూడా ఇది కలిసొస్తుంది. 32 జీబీ అయ్యాక ఫోటోషాప్, ప్రీమియర్, మీడియా ఎన్‌కోడర్ మూడూ ఒకేసారి తెరిచి పెట్టుకుని పని చేయగలుగుతున్నాడు, అది నిజమైన సౌకర్యమే. మాంటేజ్ ఎర్రర్‌కు గానీ, 4:2:2 ప్లేబ్యాక్‌కు గానీ దాని వల్ల వచ్చిన తేడా ఏమీ లేదు. చూద్దామని పాత పెద్ద ఫోటోలు ఉన్న ప్రాజెక్ట్ కాపీని 32 జీబీతో ఎక్స్‌పోర్ట్ పెట్టి చూశాం. అదే టైమ్‌కోడ్ దగ్గర మళ్ళీ ఆగింది.

ప్రాజెక్ట్ అలవాటు ఒకటి మార్చుకున్నాడు. నాలుగు గంటల సీక్వెన్స్‌ను విడగొట్టి పెళ్ళికూతుర్ని చేయడం, స్నాతకం, పెళ్ళి, రిసెప్షన్ దేనికది వేరే ప్రాజెక్ట్‌గా, అన్నీ ఒకే ప్రొడక్షన్ (ప్రీమియర్‌లో పలు ప్రాజెక్టులను కలిపి ఉంచే ఏర్పాటు) కింద పెట్టుకుంటున్నాడు. తెరిచిన భాగమే మెమరీలోకి వస్తుంది. ఎక్కడైనా ఎర్రర్ వస్తే ఆ ఫంక్షన్ ఒక్కటే మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే చాలు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లోనే అడిగే పాత టీవీల పార్టీలకు 4 జీబీ దాటని ఫైళ్ళు ఇవ్వడం కూడా దీంతో తేలికైంది.

ఆ పెళ్ళి వీడియో చెప్పిన తేదీకే వెళ్ళింది. కేండిడ్ కెమెరా హెచ్.264 4:2:2 క్లిప్పులకు ఈ ల్యాప్‌టాప్ ఉన్నన్నాళ్ళూ ప్రాక్సీలు తప్పవు. ఆ కెమెరాలో హెచ్.265 మోడ్ కూడా ఉంది, దాన్ని క్విక్ సింక్ విప్పుతుంది. వచ్చే ముహూర్తాలకు ముందు ఒక చిన్న ఫంక్షన్‌ను ఆ మోడ్‌లో షూట్ చేసి, ప్రాక్సీ లేకుండా ఎడిట్ చేసి చూడమన్నాను. టాస్క్ మేనేజర్‌లో ఇంటెల్ చిప్ పేజీ తెరిచి, డీకోడ్ గీత లేస్తోందో లేదో ఫోటో తీసి పంపిస్తానన్నాడు.